గూడ్స్ బండికి విడిగా దారి వేస్తే ఎవరికి లాభం?

మీరు అడిగింది ఒక ప్రశ్నే అయినా అందులో మూడున్నాయి. గూడ్స్ బండ్ల కోసమే విడిగా రైలు మార్గాలు వేస్తే దేశానికి నిజంగా ఏమైనా ఒరుగుతుందా? అదే డబ్బు హైవేలకు పెడితే సరిపోదా? ఉత్తరాదిన వేసిన ఆ ఫ్రైట్ కారిడార్లు మన విజయవాడ వైపు ఎప్పుడొస్తాయి?

ముందే చెప్పేస్తాను, నేను రైల్వే ఉద్యోగిని కాను. సిమెంటు, బొగ్గు మోసే రేకుల (ఒక గూడ్స్ బండికి సరిపడా వ్యాగన్ల వరసను రేక్ అంటాం) లోడింగు, అన్‌లోడింగు చూసే డిస్పాచ్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. రైలుకు సరుకు అప్పగించి, డబ్బు కట్టి, ఆ తర్వాత ఎదురుచూసే పక్షం నాది. కాబట్టి ఆ వైపు నుంచే మాట్లాడతాను.

మొదటి ప్రశ్నకు నా జవాబు: ఒరుగుతుంది, బాగానే ఒరుగుతుంది. కాకపోతే పేపర్లలో "గంటకు 100 కి.మీ. వేగంతో గూడ్స్" అని హెడ్డింగు పెడతారు చూడండి, అసలు లాభం అక్కడ లేదు. సరుకు పంపేవాడికి బొగ్గు ఒక పూట ముందు చేరిందా అన్నది పెద్ద విషయమేమీ కాదు. ఏ రోజు చేరుతుందో ముందే కచ్చితంగా తెలియాలి. అది తెలియకపోవడం వల్ల ఎంత ఖర్చవుతుందో ఫ్యాక్టరీ సైడింగులో, అంటే సరుకు ఎక్కించడానికి ఫ్యాక్టరీ దాకా వేసిన పట్టా దగ్గర, ఒక్క వారం కూర్చుంటే అర్థమవుతుంది.

ఖాళీ రేక్ కావాలని ఇండెంట్ పెడతాం. రెండు రోజులు ఏమీ రాదు. గోదాములో బస్తాలు పేరుకుంటాయి, ప్యాకింగ్ ఆపాలా వద్దా అని టెన్షన్. మూడో రోజు రాత్రి పదకొండింటికి ఫోను: "రేక్ బయల్దేరింది, వెనకాలే ఇంకోటి ఉంది." రేక్ సైడింగులో పెట్టిన నిమిషం నుంచీ గడువు లెక్క మొదలవుతుంది. ఆ గడువులోపు నింపి ఇవ్వకపోతే వ్యాగన్‌కు గంటకింత అని డెమరేజ్ అనే జరిమానా పడుతుంది. నలభైకి పైగా వ్యాగన్లు కదా, గంట గంటకీ బిల్లు పెరుగుతుంది. ఇళ్లకు వెళ్లిపోయిన హమాలీ ముఠాను మేస్త్రీ మళ్లీ పోగెయ్యాలి. రాత్రి పనికి కూలి వేరు. మొదటి రేక్ సగం నిండేసరికి రెండోది పక్క స్టేషన్లో వచ్చి నిలబడి ఉంటుంది. రెండు రోజులు ఊరికే కూర్చున్న మనుషుల మీదే ఒక్క రాత్రిలో రెండు రేకుల పని పడుతుంది. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. ఆ రెండు బండ్లూ దారిలో ఎక్కడో లూప్ లైన్లలో (వేరే బండికి దారివ్వడానికి పక్కకు తప్పించి నిలబెట్టే పట్టాలు) ఆగిపోయి, దారి దొరికినప్పుడు ఒకేసారి కదిలాయి, అంతే.

ఎందుకు ఆగుతాయో ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను. 100 కి.మీ. దూరం ఉన్న సెక్షన్ అనుకోండి. గంటకు 130 కి.మీ. వేగంతో పోయే ఎక్స్‌ప్రెస్ దాన్ని 46 నిమిషాల్లో దాటేస్తుంది. 50తో నడిచే గూడ్స్‌కు రెండు గంటలు పడుతుంది. ఎక్స్‌ప్రెస్‌కు అడ్డం రాకుండా గూడ్స్ ముందుగా వెళ్లిపోవాలంటే కనీసం 74 నిమిషాల ముందు బయల్దేరాలి. ఆ 74 నిమిషాల్లో, అన్నీ ఒకే వేగంతో నడిచే బండ్లయితే, పది నిమిషాలకొకటి చొప్పున ఏడు పంపొచ్చు. అంటే వేగం తేడా ఉన్న రెండు రకాల బండ్లను ఒకే పట్టా మీద నడిపితే ఆ పట్టా సామర్థ్యం ఆ తేడాకే ఖర్చయిపోతుంది. సెక్షన్ కంట్రోలర్ ముందు ప్రయాణికుల బండి, గూడ్స్ రెండూ ఉంటే ఏది ఆగుతుందో మీకూ తెలుసు. ఐదు వేల టన్నుల బరువున్న గూడ్స్‌ను ఆపాక మళ్లీ వేగం అందుకోవడానికి చాలాసేపు పడుతుంది, కరెంటూ ఖర్చే. మరీ ఎక్కువ సేపు ఆగితే లోకో పైలట్ డ్యూటీ గంటలు అయిపోతాయి. అప్పుడు సిగ్నల్ పడినా బండి కదలదు, వేరే సిబ్బంది రావాలి.

పాత లైన్ల మీద గూడ్స్ సగటు వేగం గంటకు 25 కి.మీ. చుట్టూ తిరిగేది ఇందుకే. ఇంజను సత్తా లేక కాదు. ఢిల్లీ, ముంబై, చెన్నై, హౌరాలను కలిపే ప్రధాన మార్గాలు, వాటి మధ్య అడ్డంగా పోయే రెండు మార్గాలు కలిపి చూస్తే మొత్తం రైలు మార్గంలో 16 శాతమే. ప్రయాణికుల రద్దీలో 52 శాతం, సరుకులో 58 శాతం మోసేది మాత్రం అవే. సామర్థ్యానికి మించి బండ్లు నడుస్తున్న సెక్షన్లు వాటి మీదే ఎక్కువ. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలోని సరుకు రవాణాలో 80 శాతానికి పైగా రైలుదే. ఇప్పుడు 30 శాతం కూడా లేదు. పోయిన సరుకంతా లారీలకు పోయింది. పోకేం చేస్తుంది? ఏ రోజు చేరుతుందో చెప్పలేనివాడికి తొందర సరుకు ఎవరిస్తారు? బొగ్గు, ఇనుప ఖనిజం, సిమెంటు, తిండి గింజలు లాంటి బరువు సరుకులు రైలుకు మిగిలాయి. ఆ సరుకు మీద వచ్చే ఆదాయంతోనే ప్రయాణికుల టికెట్ల నష్టాన్ని పూడ్చుకుంటున్నారు. దాంతో సరుకు రేటు తగ్గించే వీలు లేదు, తగ్గించకపోతే ఇంకాస్త సరుకు లారీకి పోతుంది.

ఈ ముడి విప్పడానికి వేసినవే రెండు ప్రత్యేక కారిడార్లు. వాటిని కట్టి నడపడానికి 2006లో డీఎఫ్‌సీసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. తూర్పు కారిడార్ పంజాబ్‌లో లుధియానా నుంచి బీహార్‌లో సోన్‌నగర్ దాకా 1337 కి.మీ., పశ్చిమ కారిడార్ ఢిల్లీ దగ్గర దాద్రి నుంచి ముంబై పక్కన జేఎన్‌పీటీ రేవు దాకా 1506 కి.మీ. తూర్పు దానికి ప్రధానంగా ప్రపంచ బ్యాంకు అప్పు, పశ్చిమ దానికి జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ జైకా అప్పు. మొదట 28 వేల కోట్లన్నారు. 2015లో కేంద్ర మంత్రివర్గం 81,459 కోట్లకు సవరించింది, ఆ తర్వాత అది లక్ష కోట్లు దాటింది. భూసేకరణ, కోర్టు కేసులు, కాంట్రాక్టుల జాప్యం అన్నీ మామూలే. 2020 డిసెంబరు 29న న్యూ భావుపూర్-న్యూ ఖుర్జా మధ్య 351 కి.మీ. సెక్షన్‌ను, 2021 జనవరి 7న న్యూ రేవాడి-న్యూ మదార్ మధ్య 306 కి.మీ.ను ప్రారంభించారు. సంస్థ పెట్టాక పద్నాలుగేళ్లకు అన్నమాట. (ఈ మార్గంలో స్టేషన్లన్నీ న్యూ, న్యూ అనే ఉంటాయి. పాత ఊరి స్టేషన్‌తో కలిసిపోకుండా అలా పెట్టారు. ప్రయాణికులు ఎక్కేవి కావు కాబట్టి మనకు ఆ పేర్లు వినబడవు.)

ఈ మార్గాల్లో నాకు బాగా నచ్చేది కొలతలు. పాత లైన్ల లూపులు దాదాపు 700 మీటర్ల బండికి సరిపోతాయి, ఇక్కడ 1500 మీటర్లకు కట్టారు. ఇరుసు మీద బరువు పాత పద్ధతిలో 22.9 టన్నులు, ఇక్కడ 25 టన్నులు. వంతెనలను ఇంకా ముందుచూపుతో 32.5 టన్నులకు కట్టారు. 2.1 టన్నుల తేడా ఏపాటి అనుకుంటారు. వ్యాగన్‌కు నాలుగు ఇరుసులు, రేకుకు 58 వ్యాగన్లు వేసుకుని గుణించి చూడండి: ఒక్కో బండికి సుమారు 490 టన్నులు అదనం. అదే ఇంజను, అదే సిబ్బంది, అదే దారి, సరుకు మాత్రం ముప్ఫై లారీలకు పైగా ఎక్కువ.

పశ్చిమ కారిడార్‌లో కంటైనర్ మీద కంటైనర్ పెట్టి నడుపుతారు. 45 వ్యాగన్ల బండిలో మామూలుగా ఇరవై అడుగుల కంటైనర్లు 90 పడితే, రెండంతస్తులయితే 180. ఇందుకోసం కరెంటు తీగను ఏడున్నర మీటర్ల ఎత్తుకు లేపారు, ఇంజను నెత్తి మీద తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్‌ను పొడుగ్గా చేశారు, హర్యానాలో సోహ్నా దగ్గర ఆరావళి కొండలో ఆ ఎత్తుకు తగ్గ సొరంగం తవ్వారు. తూర్పు కారిడార్‌లో ఆ ఎత్తు లేదు. అక్కడి ముఖ్య సరుకు జార్ఖండ్ వైపు గనుల నుంచి యూపీ, హర్యానా, పంజాబ్ థర్మల్ కేంద్రాలకు పోయే బొగ్గు, బొగ్గుకు అంతస్తులతో పని లేదు.

వ్యాపారికి సరుకు రేటేమైనా తగ్గిందా అంటే, లేదు. చార్జీ అదే రైల్వే టారిఫ్ ప్రకారం. మరి లాభం ఎక్కడ? నిల్వలో. సరుకు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ప్రతి ఫ్యాక్టరీ, ప్రతి థర్మల్ కేంద్రం, ప్రతి ఎరువుల డీలరు అవసరానికి మించి నిల్వ పెట్టుకుంటారు. ఆ నిల్వ మీద బ్యాంకు వడ్డీ, గోదాము అద్దె, తరుగు. ఇదంతా రవాణా ఖర్చు కింద ఎవరూ రాసుకోరు గానీ చివరకు వస్తువు ధరలో కలుస్తుంది. బండి లెక్క ప్రకారం రావడం మొదలైతే పదిహేను రోజుల నిల్వ పెట్టుకునేవాడు పది రోజులకు దిగుతాడు. దేశమంతా కలిపితే అది చిన్న డబ్బు కాదు. రెండో లాభం రైల్వేది: అదే వ్యాగన్ నెలలో మూడు ట్రిప్పుల బదులు నాలుగు వేస్తే కొత్త వ్యాగన్ కొన్నట్టే.

మూడో లాభం మామూలు ప్రయాణికులది. 2022 ఏప్రిల్, మే నెలలు గుర్తున్నాయా? ఎండలు ముదిరి, కరెంటు వాడకం పెరిగి, థర్మల్ కేంద్రాల్లో బొగ్గు అడుగంటింది. బొగ్గు బండ్లకు దారివ్వడానికి రైల్వే వందల ప్యాసింజర్ ట్రిప్పులు రద్దు చేసింది. ఒకే దారిని ఇద్దరూ పంచుకుంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఇంట్లో కూర్చోవాల్సిందే. గూడ్స్ పక్కకు తప్పుకుంటే పాత లైను మీద ప్రయాణికుల బండ్లు వేళకు నడుస్తాయి, కొత్తవి వేయడానికి చోటూ దొరుకుతుంది.

ఇక హైవేల మాట. మన దేశంలో లాజిస్టిక్స్ ఖర్చు జీడీపీలో 14 శాతం అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది పాత అంచనా. 2025లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2023-24లో అది 7.97 శాతం. అదే అధ్యయనం టన్ను సరుకును ఒక కిలోమీటరు మోయడానికి రైలులో 1.96 రూపాయలు, రోడ్డు మీద 3.78 రూపాయలు అవుతుందని లెక్కగట్టింది. దాదాపు సగం. ఇది చూసి "అయితే అంతా రైలుకే" అనేస్తే పొరపాటు. రైలుకు సరుకు చేర్చడానికి ఇక్కడ ఒక లారీ, అక్కడ దింపుకుని తీసుకెళ్లడానికి ఇంకో లారీ, రెండు చోట్లా హమాలీలు, కాస్త చిరుగూ తరుగూ. మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపు దూరానికి, చిన్న లాట్లకు నేనైనా లారీయే మాట్లాడతాను. అంతకు మించిన దూరానికి బరువు సరుకును డీజిల్ లారీల మీద పంపడం మాత్రం దండగ. కాబట్టి హైవేనా రైలా అన్న ప్రశ్న కంటే రెండూ కలిసే చోట ఏముంది అన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. పశ్చిమ కారిడార్‌లో ఒక మంచి పని జరిగింది. గుజరాత్‌లోని బనాస్ డెయిరీ పాల ట్యాంకర్లను లారీలతో సహా వ్యాగన్ల మీదకు ఎక్కించి పాలన్‌పూర్ నుంచి రేవాడి దాకా 630 కి.మీ. రైలు మీద తీసుకుపోతున్నారు. అక్కడ దిగి ఢిల్లీ వైపు రోడ్డున పోతాయి. మళ్లీ దించి ఎక్కించే పని లేదు.

ఇందులో నాకున్న పెద్ద సందేహం కూడా చెప్పాలి. పట్టాలు వేయగానే పనైపోయిందనుకుంటారు మనవాళ్లు. నెదర్లాండ్స్‌లో ఏం జరిగిందో చూడండి. రోటర్‌డామ్ రేవు నుంచి జర్మనీ సరిహద్దు దాకా 160 కి.మీ. మేర సరుకుకు మాత్రమే అని బెతువే మార్గం కట్టారు. దాదాపు 470 కోట్ల యూరోలు పోసి 2007లో తెరిచారు. తమ వైపు అంతా పక్కాగా ఉంది. సరిహద్దు దాటాక జర్మనీ వైపు వేయాల్సిన మూడో లైను ఏళ్ల తరబడి సాగింది. కొత్త దారిలో దూసుకొచ్చిన గూడ్స్ అక్కడ మళ్లీ పాత రద్దీలో చిక్కుకుంది. మన పశ్చిమ కారిడార్‌దీ కొంత అదే కథ. దేశంలోకెల్లా పెద్ద కంటైనర్ రేవుల్లో ఒకటైన జేఎన్‌పీటీ కోసం అని మొదలుపెట్టారు, అన్నిటికంటే ఆలస్యమైంది మాత్రం ఆ రేవును కలిపే వైతరణ-జేఎన్‌పీటీ ముక్కే, 102 కి.మీ. ఈలోపు ముందుగా కలిసిన గుజరాత్ రేవులు ముంద్రా, పిపావావ్ లాభపడ్డాయి.

దీనికి ఎదురు ఉదాహరణ చైనాలో ఉంది. దాతోంగ్ నుంచి చిన్‌హువాంగ్‌దావ్ రేవుకు పోయే దాచిన్ బొగ్గు మార్గం 653 కి.మీ. 2018లో ఆ ఒక్క మార్గం 45 కోట్ల టన్నులు మోసింది. మన రైల్వే మొత్తం కలిపి 2024-25లో మోసింది 161.7 కోట్ల టన్నులు. ఒక కొసన గనులు, ఇంకో కొసన ఓడల్లోకి ఎత్తే రేవు, మధ్యలో ఇరవై వేల టన్నుల బండ్లు. రెండు కొసలూ సిద్ధంగా ఉన్నాయి కాబట్టే మధ్యలో అంత బలం.

మన మిర్చి సంగతే తీసుకుందాం. గుంటూరు మిర్చి బంగ్లాదేశ్‌కు లారీల మీద పోయేది, టన్నుకు సుమారు ఏడు వేల రూపాయలు. 2020 లాక్‌డౌన్‌లో లారీలు ఆగిపోయాయి. గూడ్స్ రేక్ తీసుకోవాలంటే ఒక్కో ట్రిప్పుకు 1500 టన్నులకు పైగా సరుకు చూపించాలి, చిన్న వ్యాపారులు అంత ఎక్కడ తేగలరు? అప్పుడు రైల్వే వాళ్లు 500 టన్నుల లోపు సరిపడే ప్రత్యేక పార్శిల్ బండి ఇచ్చారు. ఆ జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి 384 టన్నుల ఎండు మిర్చితో బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు బండి వెళ్లింది, టన్నుకు 4,608 రూపాయలు. అందుకోసం కొత్తగా ఒక్క మీటరు పట్టా కూడా వేయలేదు, రూలు మాత్రం మార్చారు. ప్రత్యేక కారిడార్ వచ్చినా ఇలాంటి చిన్న లాట్లకు దారి చూపించకపోతే అది బొగ్గు, సిమెంటు కంపెనీలకే పనికొస్తుంది. (మా బోటి వాళ్లకు అది మంచిదే అనుకోండి.)

ఇక మూడో ప్రశ్న, మన వైపు సంగతి. ఖరగ్‌పూర్ నుంచి విజయవాడ దాకా 1115 కి.మీ. తూర్పు తీర కారిడార్, విజయవాడ నుంచి నాగ్‌పూర్ మీదుగా ఇటార్సీ దాకా 975 కి.మీ. ఉత్తర-దక్షిణ కారిడార్ అని ప్రతిపాదనలున్నాయి. సర్వేలు, డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక) దాకా వచ్చాయి, పట్టాల పని మొదలుకాలేదు. 2026 బడ్జెట్‌లో డంకుని-సూరత్ కారిడార్ ప్రకటించారు, అది మనకు పైనుంచి పోతుంది. విజయవాడను ఎందుకు ఎంచుకున్నారో చెప్పక్కర్లేదు. హౌరా-చెన్నై, ఢిల్లీ-చెన్నై మార్గాలు కలిసేది అక్కడే. ఉత్తరాన విశాఖ, గంగవరం, కాకినాడ, దక్షిణాన కృష్ణపట్నం రేవులు, పైన సింగరేణి బొగ్గు, పక్కన నల్గొండ, పల్నాడు సిమెంటు. అన్నీ ఆ జంక్షన్ చుట్టూనే తిరగాలి.

నిజానికి సరుకు కోసమే రైలు మార్గం వేయడం మనకు కొత్త కాదు. అరకు వెళ్లేటప్పుడు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ పోతామే, ఆ కొత్తవలస-కిరండూల్ లైను 1960లలో వేసింది బైలడీలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపాన్‌కు ఎగుమతి చేయడానికి. అరకు అందాలు చూసేవాళ్లు ఆ తర్వాత వచ్చారు. 2019లో తెరిచిన ఓబులవారిపల్లె-కృష్ణపట్నం లైను కూడా అలాంటిదే. 113 కి.మీ., వెలిగొండలో ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం. కడప వైపు నుంచి రేవుకు పోయే గూడ్స్ రేణిగుంట, గూడూరు చుట్టూ తిరిగే బాధ దాంతో తప్పింది.

నన్నడిగితే మన దగ్గర కారిడార్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కంటే మూడో, నాలుగో లైన్లు ముందు. కాజీపేట-విజయవాడ, విజయవాడ-గూడూరు మూడో లైన్ల పని ముక్కలు ముక్కలుగా సాగుతోంది. వాటిలో ఏ ముక్క పూర్తయితే ఆ ముక్క ఆ రోజు నుంచే పనికొస్తుంది. కారిడార్ అలా కాదు, రెండు ముఖ్యమైన చోట్లను కలిపేదాకా పెట్టిన డబ్బు నేలలోనే ఉంటుంది. 2025 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే కొండపల్లి నుంచి మూడు రేకులు కలిపి 177 వ్యాగన్లతో త్రిశూల్ అనే పొడవాటి బండి నడిపింది. ఖాళీ వ్యాగన్లను గనుల వైపు త్వరగా చేర్చడానికి మంచి ఉపాయమే, మూడు బండ్ల దారి ఒక్కటే తీసుకుంటుంది. కానీ అంత పొడవు బండిని పక్కన పెట్టడానికి మన లూపులు చాలవు, మధ్యలో ఆపకుండా నడపాలి. రోజూ చేయాలంటే లూపులు పొడిగించక తప్పదు. కారిడార్ ఖర్చుతో పోలిస్తే అది చిల్లర, అయినా దాని మీద ఎవరూ ప్రెస్‌మీట్ పెట్టరు.

మీరు వ్యాపారం వైపు నుంచి అడుగుతున్నట్టున్నారు కాబట్టి ఒక మాట. మీ ప్రాంతానికి కారిడార్ వస్తుందని భూములు కొనేముందు, అది మీకు ఎంత దగ్గర్లో పోతుందో కాక, సరుకు ఎక్కించి దించే దాని టెర్మినల్ ఎక్కడ పెడుతున్నారో కనుక్కోండి. కారిడార్ బండి దారిలో ప్రతి ఊళ్లో ఆగదు. గోదాములకు, కోల్డ్ స్టోరేజీలకు, లారీ యార్డులకు గిరాకీ వచ్చేది టెర్మినల్ చుట్టుపక్కలే. అక్కడికి నాలుగు వరసల రోడ్డుందా, కంటైనర్లు ఎత్తే క్రేన్లు పెడతారా, రాత్రిపూట లోడింగుకు లైట్లు, హమాలీలకు షెడ్డు, తాగునీరు ఉంటాయా, రేకుకు తక్కువ సరుకున్నవాళ్లకు కలిపి పంపుకునే ఏర్పాటు ఉందా? డీపీఆర్ దశలోనే ప్రజాప్రతినిధుల దగ్గర, వ్యాపార సంఘాల ద్వారా గట్టిగా అడగాల్సినవి ఇవి. తర్వాత అడిగితే స్థలం ఉండదు.